భాగీరథమ్మ తీయించిన తాళం

మా క్యాతగానచెర్లులో ఆడవాళ్లకు ఆస్పత్రి భయం పోయింది డాక్టర్లను చూసి కాదు, భాగీరథమ్మను చూసి. ఒకప్పుడు ఆమే ఇళ్లలో కాన్పులు చేసేది. అందరూ పావగడ ఆస్పత్రికి పోవడం మొదలయ్యాక అలిగి కూర్చోలేదు. నొప్పులొచ్చిన పిల్లతో తనూ ఆటో ఎక్కేది. కాన్పు గదిలోకి తోడుగా ఒక ఆడమనిషిని రానిస్తారు. ఆ మనిషి ఎప్పుడూ ఈమే. తల దగ్గర నిలబడి చెయ్యి పట్టుకునేది, తిట్టేది, నవ్వించేది. నా ఇద్దరు పిల్లలప్పుడూ అంతే. "గట్టిగా అరువమ్మా, సిగ్గుపడేదానికి ఈడ నీ మొగుడేం లేడు" అంటే అంత నొప్పిలోనూ నాకు నవ్వొచ్చింది.

అలాంటి మనిషి సొంత కోడలి కాన్పులో మాత్రం ఆ గదిలో లేదు. తలచుకుంటే ఇప్పటికీ నాకు ఆమె మీద ఒళ్లు మండుతుంది. ఆ వెంటనే పాపమనిపిస్తుంది.

కోడలు సవితకు తల్లి లేదు. సవిత చిన్నగా ఉన్నప్పుడు తమ్ముణ్ని కంటూ ఆ తల్లి పోయింది. అందుకే తొలికాన్పుకు పుట్టింటికి పోకుండా ఇక్కడే ఉండిపోయింది. కడుపుతో ఉన్నన్నాళ్లూ ఒకటే మాట.

"అత్తా, నువ్వు పక్కనుంటే కంటా. లేకుంటే నావల్ల గాదు."

"నేనెక్కడికి పోతానే? నీ బిడ్డ మొగం నీకన్నా ముందు నేనే చూస్తా" అనేది భాగీరథమ్మ.

నొప్పులు మొదలైన పొద్దున ఆమె కొడుకు యోగీశే ఆటోలో మమ్మల్ని ఆస్పత్రికి తీసుకుపోయాడు. పక్కింటిదాన్ని కాబట్టి సంచీ మోయడానికి నేనూ వెళ్లాను. అత్తాకోడళ్లు లోపలికి పోయారు. మధ్యాహ్నం దాటినా బిడ్డ రాలేదు. నర్సమ్మకు కంగారేమీ లేదు. తొలికాన్పు కదా, ఆలస్యమవుతుంది, బిడ్డ గుండె బాగా కొట్టుకుంటోంది అని చెప్పింది. ఊళ్లో ఎంతమందికో ఇదే మాట చెప్పి ధైర్యమిచ్చిన భాగీరథమ్మకు, తన ఇంటిదాకా వచ్చేసరికి అది చెవికెక్కలేదు.

మాలో ఒక ఆచారం ఉంది. ఆడది నొప్పులు పడుతుంటే ఇంట్లో మూసినదేదీ ఉంచరు. పెట్టెల తాళాలు తీస్తారు, మూటల ముళ్లు విప్పుతారు, కుండల మీది మూతలు తీస్తారు. అన్నీ తెరిస్తే బిడ్డకూ దారి దొరుకుతుందని నమ్మకం. ఆమె బయటికొచ్చి మొగుడు మల్లేశప్పకు ఫోన్ చేసింది.

"బీరువా తీసినావా?"

"తీసినా."

"గొర్రెల దొడ్డి తడిక?"

"అదీ తీసినా. గొర్రెలు పోయి దాసన్న చెనిక్కాయ చేన్లో పడినాయి. ఇంగ నేను వాటెనక పోవాల్నా, ఈడ మూతలు తీస్తా కూచోవాల్నా?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. ఫోన్ పెట్టేసి, "రూపా, మా చేనికి తాళమేసుండారే!" అంది.

వాళ్ల చేను సోలార్ పార్కులో పోయింది. ప్లేట్ల కింద, కంచె లోపల ఉంది. గేటుకు కంపెనీవాళ్ల తాళం. యోగీశ్‌ను ఆమె కన్నది ఆ చేన్లోనే, చెనిక్కాయ పీకుతూ. అందుకని ఆమె దృష్టిలో అదీ ఇల్లే. యోగీశ్ నెత్తి కొట్టుకున్నాడు.

"అమ్మా, నీకేమన్నా పిచ్చా? సవిత ఈడుంటే నేను యాడికీ రాను."

"నువ్వు రావద్దులే. గేటు కాడ కాపలాకి ఓబులేశు ఉండాడు. వాని బొడ్డు కోసింది నేను. నాకైతే తీస్తాడు."

"లోపల ఆ పిల్ల నిన్నే చూస్తా ఉంటాది పెద్దమ్మా" అన్నాను.

"దాని కోసమే గదా పోతాండేది! నువ్వు లోపలికి పో" అని ఆమె వేరే ఆటో ఎక్కేసింది. పరుగెత్తి చెయ్యి పట్టి లాగి ఉండాల్సింది ఎవరో ఒకరం.

నేను లోపలికి పోయాను. సవిత నన్ను చూడలేదు, నా వెనక చూసింది.

"అత్త యాడ?"

"నీళ్లకు పోయిందమ్మా. వస్తాది."

చెయ్యి పట్టుకుంటే విడిపించుకుంది. నొప్పి వచ్చిన ప్రతిసారీ తలుపు వైపే చూసింది. నర్సమ్మ నడుము రుద్దుతూ మంచి మాటలు చెబుతూనే ఉంది. చివరికి సవితే అడిగింది.

"రాదు గదక్కా?"

ఇక అబద్ధం నోట రాలేదు. "ఊరికి పోయింది. నీ కోసమే."

"నేనీడ సస్తాంటే ఊరికా?" అంది. మళ్లీ అడగలేదు. మంచం కమ్మీ పట్టుకుని పళ్లు బిగించి కనింది. ఆడపిల్ల. పుట్టగానే గట్టిగా ఏడ్చింది.

పాప పాలు తాగుతుంటే నా ఫోన్ మోగింది.

"తీసినాడు రూపా! ఓబులేశు గేటు తీసినాడు! ఇంగ పుడతాది సూడు!"

"పుట్టి సేపయింది పెద్దమ్మా. మనవరాలు."

ఆమె మెల్లగా, "సవిత నన్ను అడిగిందా?" అంది. అడిగిందన్నాను.

సాయంత్రానికి వచ్చింది. సవిత మంచం పక్కన నిలబడి, "తిట్టవే నన్ను" అంది.

"ఎందుకత్తా, బిడ్డ బాగుండాది గదా. అన్నం తిన్నావా?" అని సవిత కళ్లు మూసుకుంది. నాలుగు తిట్లు తిట్టి ఉంటే భాగీరథమ్మ ఏడ్చి బయటపడేది. ఆ అవకాశం ఆ పిల్ల ఇవ్వలేదు.

ఇంటికొచ్చాక మామూలుగానే చూడ్డానికి ఆడవాళ్లు వచ్చారు. బాలింత తన కాన్పు కథ చెప్పడం, వచ్చినవాళ్లు తమవీ చెప్పుకోవడం మాకు అలవాటు. సవిత కూడా చెప్పేది, నవ్వుతూనే. అత్త బాలింతకు పెట్టే కారంముద్ద తీసుకుని గదిలోకి వచ్చిందంటే మాత్రం మాట వానల మీదకు మళ్లేది. ఊళ్లో ఎవరి బిడ్డ ఎలా పుట్టిందో భాగీరథమ్మకు తెలుసు. తన మనవరాలి సంగతి ఒక్కటే తెలియదు.

ఒకరోజు నన్ను పెరట్లో ఆపింది.

"పుట్టంగానే ఏడిసిందా పాప?"

"ఏడ్చింది పెద్దమ్మా. ఇంకా..." అని నేను చెప్పబోతే చేయి అడ్డం పెట్టింది.

"వద్దులే. సవితే చెప్తాది, ఎప్పుడో ఒకప్పుడు."

ఆ పాప ఇప్పుడు అంగనవాడికి పోతోంది. సవిత ఇంకా చెప్పలేదు.