తొంభై ఏడూ, రెండువందల పద్నాలుగూ, నేనూ

నేను ఒక తేదీ ముద్రను. మునులు పట్టే ముద్రను కాను, కర్రపిడీ రబ్బరు పట్టీలూ ఉన్న గ్రంథాలయం ముద్రను. విశాఖపట్నంలో స్టాంపులు చేసే దుకాణంలో పుట్టాను. నాకు జన్మతిథి లేదు గానీ ఒంటినిండా తేదీలే. పట్టీని బొటనవేలితో తిప్పితే నిన్న, ఇంకాస్త తిప్పితే మొన్న. కాలంలో వెనక్కి వెళ్ళడానికి కథల్లో శాస్త్రవేత్తలు జుట్టు పీక్కుంటారు. అనకాపల్లిలో మా లైబ్రేరియన్ సీతాపతిగారు ఆ పని టీ తాగుతూ చేసేసేవారు.

మాది బెల్లం మార్కెట్ వెనక చిన్న పఠనాలయం. చదువరుల కన్నా చీమలెక్కువ. పుస్తకం వెనక అట్టకి అంటించిన కాగితం మీద నేను తేదీ కొడితే, పక్కన సీతాపతిగారు సభ్యుల నంబరు వేసేవారు. పొద్దున్న నాది ముద్ర, మధ్యాహ్నం ఆయనది నిద్ర.

కిటికీ పక్క అలమర సైన్సు కథలది. దాన్ని నమ్ముకున్నవాళ్ళు ఇద్దరే. తొంభై ఏడో నంబరు తవిటయ్య, కరెంటు లైన్‌మన్, పొద్దున్నే వచ్చేవాడు. ఆయనకి గ్రహాల కథల గ్రహం పట్టిందని భార్యకి ఆగ్రహం. రెండువందల పద్నాలుగు సుగుణకుమారిగారు, హిందీ టీచరు, బడి వదిలాక వచ్చేవారు. ఒకరినొకరు చూసుకోలేదు.

తర్వాత ఏం చదవాలన్న చిక్కు ఇద్దరికీ ఉండేది. అట్ట మీద రాకెట్టు ఉంటే లోపల సరుకుందని లేదు కదా. ఒకనాడు టీచరుగారు కనిపెట్టారు, తనకి నచ్చినవాటి వెనకల్లా తొంభై ఏడు ఉందని. ఆనాటి నుంచి ముందు అట్ట చూడటం మానేశారు. వెనక నుంచి తెరవడం, తొంభై ఏడు కనిపిస్తే సంచిలో వేసుకోవడం. అవతల తవిటయ్యా అంతే. రెండువందల పద్నాలుగు లేని పుస్తకం ఆయనకి కరెంటు లేని తీగే.

అలా ఒకరి వెనక ఒకరు నడిచి, ఒకరు చదివినవన్నీ ఇంకొకరు చదివేశారు. ఇక మిగిలినవి ఇద్దరూ ముట్టని నలభై. పొద్దున ఆయన వచ్చి వెనక అట్టలు తిరగేసి నిట్టూర్చేవాడు. సాయంత్రం ఆవిడా అంతే. ఎవరూ అడుగుపెట్టని గ్రహాల మీద దిగే కథలు చదివేవాళ్ళే ఇద్దరూ, ఎవరూ తెరవని పుస్తకం తెరవడానికి మాత్రం భయం. నాకు చెప్పాలని ఉండేది గానీ, నా నోట తేదీ తప్ప మాట రాదు.

మూడు నెలలు ఆ అలమర పుస్తకాల మీద ముద్ర పడలేదు. కమిటీవారు చూశారు. ఆదివారం పొద్దున పుస్తకాలు తూకానికి, అలమర పోటీ పరీక్షల గైడ్లకి అని నోటీసు అంటించారు.

ఆదివారం పాత కాగితాల మనిషి తక్కెడతో వచ్చేసరికి ఇద్దరూ అక్కడే ఉన్నారు. తవిటయ్య అలమరకి అడ్డంగా నిలబడ్డాడు. మూడు నెలలుగా ముట్టనివాడివి ఇప్పుడెందుకయ్యా అడ్డమని సీతాపతిగారు అడిగారు.

“రెండొందల పద్నాలుగు సదివితే గాని నేను సదవనండి బాబూ. ఆ మనిషి ఇటేపు చెయ్యెట్టలేదు. కూసింత ఆగండి, వస్తారు.”

కుర్చీలోంచి సుగుణకుమారిగారు లేచారు. “అయ్యో, ఆ మనిషిని నేనేనండీ. తొంభై ఏడు ముందు తీస్తే తర్వాత నేను తీద్దామని చూస్తున్నాను.”

పేపర్లు చదివేవాళ్ళు పేపర్లు దించారు. సీతాపతిగారు ఒక పుస్తకం వెనక అట్ట ఎత్తి చూపించి, వీళ్ళిద్దరూ “ముందు మీరు, ముందు మీరు” అనుకుంటూ మూడు నెలలు ద్వారంలోనే నిలబడిపోయారని అందరికీ విడమరిచి చెప్పారు. కమిటీ ప్రెసిడెంటుగారికి నవ్వాగలేదు. తక్కెడ మనిషి పాత పేపర్లు చాలన్నాడు.

తవిటయ్య పై అర నుంచి, టీచరుగారు కింది అర నుంచి మొదలుపెట్టారు, మధ్యలో కలుసుకునే ఒప్పందం మీద. ఆ పూట నా ఇంకు ఆరలేదు.

నా సంవత్సరాల పట్టీ కిందటేడుతో అయిపోయింది. భవిష్యత్తు అయిపోయిన కాలయంత్రాన్ని నేను. నన్ను ఆ అలమర మీదే కూర్చోబెట్టారు. ఎవరైనా కొత్తవాళ్ళు వచ్చి మంచి సైన్సు కథ ఏదండీ అని అడిగితే, సీతాపతిగారు లేవరు. “వెనక నుంచి తెరవండి,” అంటారు. అక్కడ రెండు నంబర్లుంటాయి, వాటి పక్కన నేనుంటాను. కొత్తగా కొన్నవాటిలో ఆ రెండూ లేని పుస్తకం తీసేవాళ్ళు కూడా ఈమధ్య తయారయ్యారు. వాళ్ళ నంబర్లు నేనింకా కంఠతా పట్టలేదు.