టీవీ లేని గోడ

"చేతులే గదా ఆడేది, కండ్లు ఖాళీగనే ఉంటయ్ గదా."

ఆరేళ్ల కింద టీవీ డబ్బా విప్పుతూ శ్రీలతతో ఆమె భర్త శ్రవణ్‌కుమార్ అన్న మాట ఇది. శ్రీలత అడిగింది టీవీ కాదు, ఆసు మిషన్. చండూరు చుట్టుపక్కల చాలా చేనేత ఇళ్లకు అప్పటికే అది వచ్చేసింది. మీట నొక్కితే దారం దానంతటదే మేకుల చుట్టూ తిరుగుతుంది, మనిషి పక్కన కూర్చుని తెగిన పోగు ముడివేస్తే చాలు. కుడి భుజంలో పోటు మొదలైందని, పొద్దున జడ వేసుకోవడానికి చెయ్యి ఎత్తితే కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయని నాలుగు నెలలు చెప్పగా చెప్పగా, ఒక రోజు అతను నల్లగొండ పోయి ఆటోలో పెద్ద డబ్బా వేసుకుని వచ్చాడు. అందులో ఉన్నది మిషన్ కాదు, గోడంత టీవీ. "నీ కోసమే తెచ్చిన. ఇగ సూసుకుంట పోసుకో, నొప్పి యాదికి రాదు" అన్నాడు. తనే దాన్ని ఆసుకు ఎదురుగోడ మీద బిగించాడు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు వచ్చి చూసి, అదృష్టమంటే నీదే అన్నారు. శ్రీలత నవ్వింది. నవ్వకపోతే బాగుండదు గనుక.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఆసు పోయడం పని కాకుండా పోయింది.

ఆసు అంటే ఒక చెక్క చట్రం. ఒక కొసన ఒంటి మేకు, ఎదురుగా అర్ధచంద్రంలా వరుసగా మేకులు. ఒంటి మేకు దగ్గరి నుంచి దారం తీసుకుపోయి ఎదుటి మేకుకు చుట్టాలి, మళ్లీ వెనక్కి రావాలి. పోవాలి, రావాలి. అట్లా పోసిన దారం మీద గ్రాఫు ప్రకారం గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబు రబ్బరుతో చిటికీలు కట్టి, రంగులో ముంచి నేస్తే చీర మీద ఏనుగులు, చిలకలు లేస్తాయి. చీర చూసినవాళ్లకు మగ్గం గుర్తొస్తుంది, రంగులు గుర్తొస్తాయి, ఆసు గుర్తు రాదు. కూలి చీరకే గాని ఆసుకు వేరే లేదు. మగవాళ్లు ఆసు ముందు కూర్చోరు. ఎందుకు కూర్చోరని అడిగినవాళ్లు కూడా లేరు. కళ్లు మేకుల మీది నుంచి ఒక్క క్షణం కదిలినా వరుస తప్పుతుంది. అందుకని ఆరేళ్లు టీవీ ఎదురుగా కూర్చున్నది గాని శ్రీలత టీవీ చూసింది లేదు, విన్నదంతే. ఏ కోడలు ఏడుస్తున్నదో, ఏ అత్త తలుపు చాటున నిలబడి వింటున్నదో గొంతులను బట్టి, వాయిద్యాలను బట్టి చెప్పగలదు. ఒకసారి నల్లగొండ బస్టాండు దగ్గర బట్టల దుకాణం బోర్డు మీద ఒంటినిండా నగలు పెట్టుకున్న అమ్మాయిని చూపించి కూతురు ఉష, "అమ్మా, నీ సీరియల్ ఆమె" అంది. శ్రీలత ఆగి చూసింది. రోజూ మధ్యాహ్నం తన చెవిలో ఏడ్చే మనిషి ముఖం అదని ఆమెకు అప్పుడే తెలిసింది. "రోజూ సూస్తవ్ గదమ్మా" అని ఆ పిల్ల విస్తుపోయింది. బస్సు వస్తున్నది పద అని శ్రీలత మాట మార్చింది.

చెప్పినా ఎవరు నమ్ముతారు? ఇంటికి ఎవరొచ్చినా అత్త శారదమ్మ మంచం మీద నుంచే, మా కోడలికేమి, పొద్దందాక టీవీ ముందటే అని సగం మురిపెంగా, సగం దెప్పుతూ చెప్పేది. చేతి నిండా దారం ఉండి చాయ్ రెండు నిమిషాలు ఆలస్యమైతే, టీవీ బందు పెట్టి లేవరాదా అని మగ్గం గుంటలోంచి శ్రవణ్ కేక వచ్చేది. రెండేళ్ల కింద ఒక చీర అంచు కలవకపోతే, నూలు ఇచ్చి చీరలు తీసుకుపోయే నాగేందర్ సేటు ముందర శ్రవణ్ చేతులు నలుపుకుంటూ, "ఏం జెయ్యమంటవ్ అన్నా, ఆడోళ్లు టీవీ సూసుకుంట ఆసు పోస్తరు" అన్నాడు. శ్రీలత చాయ్ గ్లాసులు పట్టుకుని గడపలో ఉంది. సేటు నవ్వాడు. ఆమె గ్లాసులు ఇచ్చి, కింద ఒలికిన చుక్క కొంగుతో తుడిచి లోపలికి వచ్చింది. ఆ తర్వాత మిషన్ ఊసు ఎత్తినప్పుడల్లా అతని జవాబు ఒకటే: టీవీ చూస్తూ చేసే పనికి మిషన్ ఎందుకు?

ఈ ఏడు ఆషాఢంలో, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, ఊరి చివర పిడుగు పడింది. టీవీ టప్పుమని ఆరిపోయింది. రిపేరు చేసే ఎల్లస్వామి వచ్చి విప్పి చూసి, ఇది బాగు చేసే బదులు కొత్తది కొనుక్కోవడం మేలన్నాడు. దసరాకు చూద్దామని శ్రవణ్ దాన్ని ఊడదీసి అటక మీద పెట్టాడు. గోడ మీద టీవీ ఉన్నంత మేర సున్నం తెల్లగా, కొత్తగా మిగిలింది.

మొదటి వారం ఆ ఇంట్లో ఊపిరి ఆడలేదు. టీవీ ఉన్నన్నాళ్లు అందరి కళ్లు దాని మీద ఉండేవి. అది పోయాక ఆ కళ్లకు ఆనుకునే చోటు లేక శ్రీలత మీదికి వచ్చాయి. అత్త మంచం ఆసు పక్కకు జరిగింది. కోడలు నీళ్లకు ఎన్నిసార్లు లేచింది, గోడ అవతల ఎవరితో ఎంతసేపు మాట్లాడింది, కూరలో నూనె ఎంత పోసింది, అన్నీ ఆమెకు కనబడసాగాయి. కనబడినవన్నీ సాయంత్రానికి కొడుకు చెవిన పడేవి. శ్రవణ్ ఫోను చేతిలో పట్టుకుని, ఇల్లు చప్పుడు లేని బొందలగడ్డ లెక్కైందని విసుక్కునేవాడు, పిడుగును శ్రీలతే పిలిచినట్టు. ఇదివరకు సీరియల్ నడిచే ఆ రెండు గంటలైనా తనను ఎవరూ పట్టించుకునేవారు కాదని, ఆ రెండు గంటలే తనకు తీరిక అని ఆమెకు టీవీ పోయాకే అర్థమైంది. ఇప్పుడు అది కూడా లేదు. చెయ్యి పోతూ వస్తూ ఉంటే పక్కన అత్త చూపు కూడా దాంతోపాటే పోతూ వస్తూ ఉండేది.

ఆ చూపు తట్టుకోలేక ఆమె లెక్కపెట్టడం మొదలుపెట్టింది. చప్పుడు లేని ఇంట్లో దారం మేకుకు తగిలే సన్నటి టిక్కుమనే శబ్దం వినబడుతున్నది. ఈ ఆరేళ్లలో అది ఎప్పుడూ వినలేదు. వంద కాగానే ఒక చింతగింజ పక్కన పెట్టేది. ఒక్క చీరకు ఆసు ముగిసేసరికి నూట ఎనభై గింజలు దాటాయి. అంటే చెయ్యి పద్దెనిమిది వేల సార్లు ఆడింది. ఆమె ఆ గింజల కుప్ప వైపు చాలాసేపు చూసింది. భుజం నొప్పి తన నఖరా కాదని మొదటిసారి తనకు తానే నమ్మింది.

"గవేంది గింజలు?" అంది శారదమ్మ.

చెప్పింది. ముసలామె ఏదో ఒకటి అంటుందని కాచుకుంది. ఆమె సీరియల్ వేళకు గోడ మీది తెల్లమచ్చ వైపు చూస్తూ కూర్చుని, ఉన్నట్టుండి మొదలుపెట్టింది.

"నేను పోసేటప్పుడు రేడియో ఉండె. చీర తప్పిందంటే రేడియో ఇనుకుంట పోసిన్నని మీ మామ దాన్ని అంగట్ల అమ్ముకొచ్చిండు. మళ్ల తప్పింది. ఈపారి ముచ్చట్లు పెట్టుకుంట పోసిన్నన్నడు."

శ్రీలత చెయ్యి ఆగింది. "ముచ్చట్లు బందు జేస్తే?"

"నిద్రవోతున్న అన్నడు."

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఆ ఇంట్లో వాళ్లిద్దరూ కలిసి నవ్వడం శ్రీలతకు జ్ఞాపకం లేదు. నవ్వు ఆగాక అత్త జడ విప్పుకుని వెనక్కి తిరిగి కూర్చుంది. ఆమె కుడి చెయ్యి చెవి దాటి పైకి లేవదు. పెళ్లై వచ్చినప్పటి నుంచి ఆమె తల దువ్వేది శ్రీలతే. ముసలితనం అనుకుంది ఇన్నాళ్లు. కానీ తను కాపురానికి వచ్చిననాడు ఈమెకు నలభై ఐదేళ్లే కదా? దువ్వెన పట్టుకున్న చెయ్యి గాలిలో నిలిచిపోయింది. అడగకముందే శారదమ్మ చెప్పింది, కూర ఉడికిందని చెప్పినంత మామూలుగా: "ముసల్తనం గాదు పిల్లా. ఆసు. నీకు గూడ గంతే అయితది."

శ్రావణంలో నాగేందర్ సేటు హైదరాబాద్ ఎగ్జిబిషన్‌కని ఒక చీర చెప్పాడు. అది నచ్చితే ఏడాదంతా అట్లాంటివే ఇస్తానన్నాడు. శ్రవణ్ నాలుగు రోజులు కూర్చుని గ్రాఫు గీశాడు. నడుమ తామరపూలు, రెండు వైపులా ఎదురెదురుగా ఏనుగులు. ఇదివరకైతే చిటికీలు కట్టేటప్పుడు తప్ప ఆ కాగితం తీసి చూసే తీరిక శ్రీలతకు ఉండేది కాదు. ఇప్పుడు మధ్యాహ్నం ఆసు ఆపి, అత్త కునుకు తీస్తుంటే, గ్రాఫు ఒళ్లో పెట్టుకుని గళ్లు లెక్కపెట్టింది. అదొక తీరు హాయిగా ఉంది. ఎవరో గీసిన బొమ్మలోకి దిగి, ప్రతి గది తడిమి వచ్చినట్టు. కుడివైపు ఏనుగు తల పైన నలభై గళ్లు. ఎడమవైపు ముప్పై తొమ్మిది. మళ్లీ లెక్కపెట్టింది. ముప్పై తొమ్మిదే.

చెప్పింది. మగ్గం గుంట అంచున కూర్చుని, వేలితో గడి గడి చూపించబోయింది. శ్రవణ్ చూడలేదు. "నీ ఇంటర్ సదువు నా మీద సూపెట్టకు. గీసుడు నా పని, కట్టుడు నీ పని" అన్నాడు.

ఇదివరకు రెండుసార్లు అట్లాంటివి పట్టుకున్నప్పుడు ఆమె ఎవరికీ చెప్పకుండా కట్టేటప్పుడే సరిచేసింది. చీర బాగొచ్చి, సేటు శ్రవణ్ భుజం తట్టాడు. ఈసారి సరిచేయలేదు. గీసినట్టే కట్టింది. ఈ చీర పోతే తిండి పోయేది అతనిదొక్కడిదే కాదని ఆమెకు తెలుసు. చేస్తున్నది న్యాయమేనా అని తనను తాను వంద సార్లు అడిగింది. ఎవరి తప్పు వాళ్లకు ఒక్కసారైనా కనబడాలి అన్న పట్టుదల మాత్రం వదలలేదు.

భాద్రపదంలో సేటు వచ్చాడు. మగ్గం మీది నుంచి చీర విప్పి వాకిట్లో వెలుతురులో పరిచారు. రంగులు మెరిసిపోతున్నాయి. సేటు ముఖం మాత్రం మెల్లగా ముడుచుకుంది. ఎడమవైపు ఏనుగులన్నీ నేల విడిచి ఒక మెట్టు పైకి లేచి నిలబడ్డాయి. "గిదేంది శ్రవణ్?" అన్నాడు.

శ్రవణ్ చేతులు నలుపుకున్నాడు. మాట అలవాటుగా, ఆలోచన లేకుండా, నోట్లోంచి జారింది. "ఏం జెయ్యమంటవ్ అన్నా, ఆడోళ్లు టీవీ సూసుకుంట…"

తలుపు తెరిచే ఉంది. నలుగురి కళ్లు లోపలి గోడ మీదికి పోయాయి. తెల్లటి సున్నం మచ్చ, దాని కింద ఊరికే వేలాడుతున్న వైరు.

"టీవీ కాలి రెన్నెల్లాయె" అంది మంచం మీది నుంచి శారదమ్మ.

శ్రీలత లోపలికి పోయి గ్రాఫు తెచ్చి చీర పక్కన పరిచింది. ఒక్కో మాట ఏరుకుని చెప్పింది. "ఆసు తప్పితే ఒక్కకాడ తప్పుతదన్నా. గిది ప్రతి వరుసల గట్లనే ఉన్నది. సూడుండ్రి, గిక్కడ ముప్పై తొమ్మిది."

సేటు వంగి వేలితో లెక్కపెట్టాడు. శ్రవణ్ నేల చూస్తున్నాడు. సేటు ఎవరినీ మెచ్చుకోలేదు, ఎవరినీ తిట్టలేదు. చీర మడత పెట్టి, ఇది ఎగ్జిబిషన్‌కు పనికి రాదని, ఇరవై రోజుల్లో ఇంకొకటి కావాలని, లేదంటే పని వేరేవాళ్లకు ఇస్తానని చెప్పి బండి ఎక్కాడు.

రెండు రోజులు శ్రవణ్ ఆమెతో మాట్లాడలేదు. ఏ క్షణాన ఏది ఆమె మీదికి వచ్చి పడుతుందో అన్నట్టు ఉంది ఇల్లు. మూడో రోజు పొద్దున ఆమె కొత్త నూలు తీసుకుని ఆసు దగ్గరికి వచ్చింది. అతను చొక్కా వేసుకుని, గోడ వంకే చూస్తూ, మెత్తగా అన్నాడు: "నల్లగొండ వోయొస్త. దసరా దాక ఎందుకు, ఇయ్యాల్నే టీవీ తెస్త. గది లేకనే గీ ఇంట్ల మనుషులు మనుషుల్లెక్క లేరు."

అతని తీరులో క్షమాపణ అంటే అదేనని శ్రీలతకు తెలుసు. ఆరేళ్ల కింద అయితే నవ్వేది.

"టీవీ వద్దు. మిషన్ తే."

"మళ్ల మిషనేనా? టీవీ లేకుంటే పొద్దెట్ల పోతది?"

"పోతాంది. మంచిగనే పోతాంది. గ్రాఫు సూసుకుంటున్న. మీ అమ్మ ముచ్చట్లు ఇంటున్న."

అతను చిన్నగా నవ్వాడు, విషయం తేలిపోయినట్టు. "గింత పనికి మిషనా లతా…"

శ్రీలత ఆసు ముందు నుంచి లేచింది. లేచేటప్పుడు కుడి భుజం పట్టేస్తే ఎడమ చేత్తో నేల ఆనుకుంది. దారం కొస అతని చేతిలో పెట్టింది. చింతగింజల డబ్బా పక్కకు జరిపింది. అతను ఆ కొసను ఏం చేయాలో తెలియక అట్లాగే పట్టుకుని తల్లి వైపు చూశాడు. శారదమ్మ మంచం మీద కాళ్లు ముడుచుకుని, కొడుక్కు జాగా ఇచ్చింది.

"పీట మీద గాదు నాయినా. కింద కూసోవాలె."

శ్రీలత గ్రాఫు పుస్తకం, పెన్సిలు తీసుకుని వాకిట్లోకి పోతూ గడపలో ఆగింది.

"ఇరవై రోజులే ఉన్నయ్. మిషన్ వచ్చేదాక నువ్వు పొయ్యి. చేతులే గదా ఆడేది, కండ్లు ఖాళీగనే ఉంటయ్."