బందరు కొఠీలో నా మీద పడ్డ అభాండం

నేను ఒక పాటల పుస్తకాన్ని. అచ్చు పుస్తకాన్ని కాదు, చేత్తో రాసినదాన్ని. లైడెన్ పట్టణంలో యోస్ట్ అనే వాద్యకారుడు తన కూతురు కొర్నేలియా కోసం నన్ను రాశాడు. వాళ్లింట్లో ల్యూట్ ఉండేది. బేరిపండును నిలువునా చీల్చినట్టు బొజ్జ, దాని మీద వరసగా తీగలు. నా పేజీల్లో పాట మాటల కింద ఆరేసి గీతలు, వాటి మీద అక్షరాలు ఉంటాయి. గీత తీగను చూపిస్తుంది, అక్షరం వేలు పెట్టాల్సిన మెట్టును చూపిస్తుంది. తెలిసినవాళ్లకు అంతే. తెలియనివాళ్లతోనే నాకు చిక్కొచ్చింది.

కొర్నేలియా పెళ్లాడిన విల్లెం బందరులోని వలందా కొఠీలో, అంటే డచ్చివాళ్ల వర్తకశాలలో, గుమాస్తా. ఆమె వెంట నేనూ ల్యూటూ ఓడెక్కాం. గొర్రె పేగుతో పేనిన తీగలు బందరు ఉప్పుగాలికి ఒక్కొక్కటే పుటుక్కున తెగిపోయాయి. ఆమె నన్ను ఒళ్లో పెట్టుకుని, గీతల మీద వేలు జరుపుతూ గొంతులోనే పాడుకునేది. విల్లెం గుమ్మంలో నిలబడి చూసేవాడు. ఆ చూపు నాకు నచ్చలేదు. పాట వినేవాడు అలా చూడడు.

ఆ ఏడు కొఠీలో ఓ గుసగుస పుట్టింది. వలందులు బట్టల కోసం ఏ నేతగాళ్లతో బేరం కుదుర్చుకున్నా ఇంగ్లీషువాళ్లకు ముందే తెలిసిపోతోందని. కొఠీ పెద్ద ఫాన్ డ్రీల్ గుమాస్తాలను ఒక్కొక్కరినే పిలిచి నిలదీశాడు. తన వంతు వచ్చిన రోజు, భార్య పెరట్లో ఉండగా, విల్లెం నన్ను కోటు కింద దాచి పట్టుకుపోయాడు.

"ఇది మా ఆవిడదండీ. ఏం రాసుందో నాకు తెలీదు. నేనైతే ఏ పాపం ఎరగను."

ఫాన్ డ్రీల్ నన్ను తిరగేశాడు, కిటికీ వెలుగుకు పట్టాడు, వాసన కూడా చూశాడు. రహస్య లిపి అని తేల్చేసి కొర్నేలియాను పిలిపించాడు.

"పాటలంటున్నావుగా. ఆదివారం అందరి ముందూ వాయించు. లేదా బటావియాలోని మన పెద్దల దగ్గరికి పంపిస్తా, అక్కడ విచారణలో చెప్పుకో."

తీగలు లేకుండా ఏం వాయిస్తుంది? ఆమె దూదేకుల పీరయ్య దగ్గరికి పరుగెత్తింది. అతని దూదివిల్లుకు ఉన్నదీ పేగు నారే. ఈ ముచ్చట ఆమె తరవాత వంటమనిషితో చెబుతుంటే విన్నాను. ఇంకా సన్నగా పేనివ్వమంటే అతను ఆమెను ఎగాదిగా చూశాడట.

"ఇంత సన్నటి నారితో దూది ఏకలేమమ్మగారూ. ఎవరి పీకకి బిగిద్దామని?"

"నా పీకకే బిగుసుకుంటోంది పీరయ్యా. దాన్ని విప్పుకోడానికే."

నమ్మాడో లేదో, పేనిచ్చాడు.

నేను ఫాన్ డ్రీల్ బల్ల మీద ఉన్నాను. శనివారం అతను కలం తీసి, ఒక పాటలో ఒకే ఒక అక్షరాన్ని మరో అక్షరంగా దిద్దాడు. 

ఆదివారం కొఠీ అంతా చేరింది. అతను ఆ పేజీనే తెరిచి ముందు పెట్టాడు. కొత్త తీగలు కాస్త బొంగురుగా మోగాయి, కానీ కొర్నేలియా గొంతు తేటగా ఉంది. రెండో చరణంలో వేలు ఒక మెట్టు మీద పడగానే కర్ణకఠోరంగా వినిపించింది. ఆమె ఆగింది. మళ్లీ వాయించింది. నా మీదికి వంగి చూసింది.

"ఇది మా నాన్న రాత కాదు. ఎవరో దిద్దారు. పాట విరిగిపోతోంది, మీకు వినపడట్లేదూ?"

సరైన మెట్టు మీద వేలు పెట్టి వాయించింది. సంగీతం రానివాళ్లకు కూడా తేడా తెలిసింది.

"దిద్దింది నేనే, నిజంగా పాటైతే తప్పు పట్టుకుంటావని," అన్నాడు ఫాన్ డ్రీల్. "పాటల పుస్తకమే, తీసుకెళ్లమ్మా. మీ ఆయనకీ నచ్చజెప్పు. తెచ్చిచ్చింది ఆయనేగా."

అప్పటిదాకా ఆమె, నన్ను చేరవేసింది పనివాళ్లేనని అనుమానిస్తోంది. విల్లెం వైపు తిరిగింది. అతను బూట్లు చూసుకుంటున్నాడు.

ఇంటికెళ్లాక అతనే నోరు విప్పాడు. "భయమేసింది, కొర్నేలియా."

"నాకూ వేసింది. అయినా నేను మిమ్మల్ని ఎవరికీ అప్పగించలేదు."

తిరుగు ఓడలో ఆమె లైడెన్ వెళ్లిపోయింది. నన్ను తీసుకెళ్లింది, అతన్ని రమ్మనలేదు.

ఇప్పుడు నేను ఓ మ్యూజియంలో గాజుపెట్టెలో ఉన్నాను. ల్యూట్‌తో పాడే పాటలకు నేనొక ఆధారమని పండితులు అంటారు. ఏ కాగితం, ఎవరి చేతిరాత అని అద్దాలు పెట్టుకుని గుచ్చి గుచ్చి చూస్తారు. చూడనీ. ఆ ఆదివారం ఆమె గొంతు ఎలా ఉందో మాత్రం నాలో ఎక్కడా రాసి లేదు.