సిలువ కింది చుట్టాలు

కోన్రాడ్ ఫాదర్ ఆ రోజు మరీ మర్యాదగా ఉన్నాడు. అక్కడే ఒలాందీనాకు అనుమానం తగిలింది. ఎప్పుడూ ఫోను తెర మీద కనిపించగానే మొక్కజొన్న పండిందా, మీ అమ్మాయికి వేవిళ్ళు తగ్గాయా అని గోలగోలగా పలకరించే మనిషి, ఆ రోజు మెడదాకా బొత్తాలు పెట్టుకుని, చేతులు కట్టుకుని, ఫొటోకి కూర్చున్నట్టు కూర్చున్నాడు.

జర్మనీలోని ఎర్లెన్‌మార్క్ బిషప్ గారి మేత్రాసనానికీ, తిమోర్ కొండల్లోని తమ మేత్రాసనానికీ సోదరబంధం కుదిరిన నాటి నుంచి వాళ్ళ మాటలు వీళ్ళకూ, వీళ్ళ మాటలు వాళ్ళకూ మోసేది ఒలాందీనాయే. చిన్నప్పుడు జర్మన్ కన్యస్త్రీల దగ్గర చదువుకున్న పుణ్యం అది. ఆ రోజు పట్నంలో, మేత్రాసన కార్యాలయంలో ఆమె పక్కనే, తమ ఊరు ఫతుకేరా గుడి విచారణ గురువు జెఫెరీనో ఫాదర్ కాఫీ చప్పరిస్తూ కూర్చున్నాడు.

తెర మీద కోన్రాడ్ నెమ్మదిగా చెప్పుకుపోతున్నాడు. అక్కడ గుళ్ళు మూతపడుతున్నాయి. మేత్రాసనాలు కలిపేస్తున్నారు. కొత్త బిషప్ గారు పాత ఒప్పందాలన్నీ ముగించమన్నారు. ఇది తెగిపోవడం అనుకోకూడదట, ఫలం పక్వానికి రావడం అనుకోవాలట.

"ఏమంటున్నాడమ్మా?" అన్నాడు జెఫెరీనో.

"పండిందంటున్నాడు ఫాదర్."

"ఏది పండింది?"

"మన బంధం. పండి రాలిపోయిందట."

జెఫెరీనో గ్లాసు కింద పెట్టాడు. ఆయన ముఖంలో రంగు మారడం ఒలాందీనా చూసింది. తెరకేసి మాత్రం నవ్వుతూ చెయ్యి ఊపాడు. ఇద్దరు గురువులూ ఒకరినొకరు దీవించుకున్నారు. అంత చక్కగా చేతులు దులుపుకోవడం ఆమె ఎన్నడూ చూడలేదు.

డబ్బు ఆగిపోతుందన్న బెంగ ఫతుకేరాలో ఎవరికీ లేదు. జర్మనీ వాళ్ళు కట్టించిన నీళ్ళ ట్యాంకు కట్టిన ఏడాదికే కారడం మొదలెట్టింది. అసలు ముడి వేరే ఉంది. బంధం కలుపుకోవడానికి కోన్రాడ్ మొదటిసారి వచ్చినప్పుడు, మనం అన్నదమ్ములం అని ప్రసంగం చేశాడు. ఊరి తరఫున దేవుడికైనా పెద్దలకైనా మాట చెప్పే హక్కున్న మావు-లెకీ తాత లేచి, చనిపోయినవాళ్ళు ఉమ్మడి కాకుండా అన్నదమ్ములు ఎలా అవుతారని అడిగాడు. జర్మనీ వాళ్ళకు ఆ మాట తెగ నచ్చింది. కరువులో, యుద్ధంలో పోయిన ఫతుకేరా జనం పేర్లు వాళ్ళ గుళ్ళో పూజలో చదువుతామన్నారు. తమలో పోయినవాళ్ళ పేర్లు ఇక్కడికి ఇచ్చారు. ఊరి శ్మశానంలో వాళ్ళకోసం ఒక సిలువ పాతారు. ప్రతి ఆత్మల పండక్కీ ఆ సిలువ కింద పూలు, కొవ్వొత్తులు, ఆకువక్క, ఉడకబెట్టిన మొక్కజొన్న పెట్టారు. తిమోర్‌లో చనిపోయినవాళ్ళను పిలవడం తేలికే. పిలిచాక ఏటేటా పెట్టాలి. పెట్టడానికి రక్తసంబంధం ఉండాలి.

ఆ సంబంధం కలపడానికి ఆనాడే ఊరి తాతముత్తాతల పవిత్రగృహం ముందు ప్రమాణం జరిగింది. కల్లులో పుంజు రక్తం కలిపి కొబ్బరి చిప్పలో పోశారు. ముందుగా చెయ్యి వదిలినవాళ్ళ వంశం మొలకెత్తకూడదు, కడుపులో పడ్డది కడుపులోనే ఆగిపోవాలి అని మావు-లెకీ తాత గట్టిగా అరిచి చెప్పాడు. ఈ బంధం కలకాలం నిలవాలని ప్రార్థిస్తున్నారు అని ఒలాందీనా కోన్రాడ్ చెవిలో చెప్పింది. అతిథికి అంతకంటే ఎలా చెప్తారు? కోన్రాడ్ చిప్పలోకి తొంగిచూసి తెల్లబోయాడు. ఊరంతా చూస్తోంది. ఇంటికొచ్చినవాడి మొహం అందరిలో వాడిపోవడం ఏ తిమోర్ ఆడదీ భరించలేదు. ఒలాందీనా నవ్వుతూ చిప్ప అందుకుని, ఆయన తరఫున నేను తాగుతానని గటగటా తాగేసింది. జనం చప్పట్లు కొట్టారు. కోన్రాడ్ ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

ఊరికి తిరిగొచ్చిన సాయంత్రమే ఆమె తాత దగ్గరికి వెళ్ళింది. ఆయన వాకిట్లో కూర్చుని వక్క కొరుకుతున్నాడు.

"వాళ్ళు చెయ్యి వదిలేశారు తాతా."

"ఎవరు?"

"జర్మనీ వాళ్ళు."

"జర్మనీ వాళ్ళంటే ఎవరే? నా ముందు చిప్ప ఎత్తిందెవరు?"

"నేనే. ఏదో మర్యాదకి తాగాను."

"మర్యాదకి తాగినా గొంతులోంచే దిగింది కదమ్మా," అన్నాడు తాత. ఆ గొంతులో కోపం లేదు, జాలి ఉంది. "మీ అమ్మాయి దియోలిందాకి ఎన్నో నెల?"

ఆమె గబుక్కున లేచి వచ్చేసింది.

ఆ తర్వాత ఊళ్ళో ఎవరూ ఆమెను పల్లెత్తు మాట అనలేదు. అంటే బాగుండేది. కుళాయి దగ్గర ఆడవాళ్ళు పక్కకు తప్పుకుని, మీరు పట్టుకోండక్కా అని వంతు ముందే వదిలేశారు. ఒకావిడ గుమ్మడికాయ తెచ్చింది, ఇంకొకావిడ కోడిని తెచ్చింది. అరుగు మీద కాసేపు ఊరికే కూర్చుని, నిట్టూర్చి వెళ్ళిపోయారు. నిండు కడుపుతో పిల్ల ఎదురుగా తిరుగుతుంటే బిడ్డ ఊసెత్తకుండా లేచిపోయే ఆడవాళ్ళను ఎక్కడైనా చూశామా? ఒలాందీనా సంచీలోంచి ఆకువక్క తీసి ఇస్తే, ఇప్పుడే నమిలామని ఖాళీ నోళ్ళతో చెప్పారు.

"ఏంటమ్మా, మనకేమన్నా లాటరీ తగిలిందా? అందరూ తెచ్చిపెడుతున్నారు," అని నవ్వింది దియోలిందా, వాచిన పాదాలు పీట మీద పెట్టుకుని. ప్రమాణం నాడు ఆ పిల్ల పట్నంలో నర్సు చదువుకని ఉంది. అసలు సంగతి చెప్పడానికి తల్లికి నోరు రాలేదు.

ఆదివారం పూజలో జెఫెరీనో ఫాదర్ మూఢనమ్మకాల మీద గంభీరంగా ప్రసంగించాడు. క్రీస్తు రక్తం ముందు పుంజు రక్తం ఎంత అని బల్ల చరిచాడు. ఒలాందీనాకు కొండంత ధైర్యం వచ్చి, ఎప్పటిలా కాఫీకి పిలిచింది. ఆయన గుమ్మం బయటే ఆగిపోయాడు. "షుగర్ పెరిగిందమ్మా, డాక్టరు వద్దన్నాడు," అన్నాడు. పక్కింట్లో కూర్చుని తీపి కాఫీ రెండు గ్లాసులు తాగడం ఆమె కిటికీలోంచి చూసింది. ఆ మనిషి మీద ఆమెకు అసహ్యమేసింది. తర్వాత భయమేసింది, ఎందుకంటే ఆయన పిరికివాడే గాని తెలివితక్కువవాడు కాదు.

మర్నాడు శ్మశానానికి వెళ్ళింది. సమాధులన్నీ శుభ్రంగా ఊడ్చి ఉన్నాయి. జర్మనీ సిలువ దగ్గరికొచ్చేసరికి ఊడ్చిన గీత ఆగిపోయింది. అక్కడ ఎవరో కొత్తగా వెదురు దడి కట్టారు. ఊళ్ళో చనిపోయినవాళ్ళు దడికి అటుపక్క, జర్మనీ చనిపోయినవాళ్ళు ఇటుపక్క. ఒలాందీనా భర్త సమాధి ఇటుపక్కనే ఉంది. దాన్ని కూడా జర్మనీ వాళ్ళలో కలిపేసేలా దడి సరిగ్గా అక్కడ వంగి వెళ్ళింది. ఆమె అక్కడే కూలబడి గట్టిగా ఏడ్చింది.

ఇంటికొచ్చి కోన్రాడ్‌కి ఫోన్ చేసింది. ఈసారి ఏదీ మెత్తగా మార్చి చెప్పలేదు. ప్రమాణంలో ఉన్న మాటలు ఉన్నట్టే చెప్పింది. ఒక్కసారి రండి, వచ్చి మీ చిప్ప మీరు తాగండి, రాలేకపోతే ఫోన్లోనైనా తాతతో చెయ్యి వదల్లేదని చెప్పండి అని బతిమాలింది.

"ఒలాందీనా, మీరు చదువుకున్నవారు. ఇది నిజంగా నమ్ముతున్నారా?"

"నా కూతురు కడుపుతో ఉంది ఫాదర్. నమ్మకం సంగతి తర్వాత చూసుకుంటాను."

"మీకోసం తప్పకుండా ప్రార్థిస్తాను. కానీ లేని అధికారంతో మాట ఇవ్వలేను."

"మరి సిలువ కింద ఉన్న మీవాళ్ళని ఏం చెయ్యమంటారు? మీ అమ్మగారి పేరు కూడా ఉంది. మూడేళ్ళుగా ఆవిడకి నా చేత్తోనే పెడుతున్నాను."

"తీసేయండి, పర్వాలేదు," అన్నాడు కోన్రాడ్ ఎంతో మృదువుగా. "మా అమ్మకి ఇలాంటి పట్టింపులు లేవు."

కన్నతల్లిని నడిరోడ్డు మీద వదిలేసినట్టు అంత తేలిగ్గా ఎలా అన్నాడో ఆమెకు అర్థం కాలేదు. ఆయన చెడ్డవాడు కాడు, అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. చెడ్డవాడైతే తిట్టి ఊరుకునేది.

ఈ మాట విని మావు-లెకీ తాత చేతిలో వక్క పక్కన పెట్టాడు.

"ఒక దారుంది," అన్నాడు. "పెళ్ళయి వేరే ఇంటికి పోయిన ఆడదాని మీద ఏది పడినా పుట్టింటికి తగలదు, అవునా? నువ్వు వాళ్ళ తరఫున తాగావు. పూర్తిగా వాళ్ళ మనిషివైపో. పడేది నీ ఒక్కదాని మీదే పడుతుంది, పిల్లకి అంటదు. కానీ ఆ తర్వాత మీ ఇంట్లోకి నువ్వు తల్లిగా అడుగు పెట్టకూడదు. చుట్టంలా వస్తావు, చుట్టంలా పోతావు. పిల్ల ఎదురుగా నీ నోటినుంచి కూతురన్న మాట రాకూడదు."

"సిగ్గుండాలి తాతా!" అని ఒలాందీనా ఒంటికాలి మీద లేచింది. "పిల్లలకి జ్ఞానోపదేశం చెప్పేదాన్ని నేను. బతికుండగానే బిడ్డకి తల్లిని లేకుండా చేస్తావా?"

"నేను చెయ్యట్లేదు. అడిగావు కాబట్టి చెప్పాను."

దియోలిందాకు నొప్పులు మొదలైన నాడు వాన ఆగకుండా కురుస్తోంది. మధ్యాహ్నానికి వాగు పొంగింది. అంబులెన్సు అవతలి ఒడ్డునే ఆగిపోయింది. దియోలిందా భర్త దాన్ని దాటించడానికి తాళ్ళు పట్టుకుని పరుగెత్తాడు. ఆరోగ్య కేంద్రం నర్సు లోపల ఉంది. బిడ్డ అడ్డం తిరిగిందని, తను తిప్పడానికి చూస్తున్నా తిరగడం లేదని ఒలాందీనాను పక్కకి పిలిచి చెప్పింది. తాత భార్య బల్బీనా పిల్ల నడుం పట్టుకుని కూర్చుంది. దియోలిందా అరుపులు మొదట పెద్దగా ఉన్నాయి. రానురాను చిన్నవయ్యాయి, అది మరీ ఘోరంగా ఉంది.

కాన్పు కష్టమైతే ఇంట్లో ఎక్కడో ముడి ఉందంటారు ఫతుకేరాలో. ఆ ముడి ఎవరిదో వాళ్ళు గుమ్మంలో నిలబడి నోరు విప్పి చెప్పాలి. పిలవకుండానే మావు-లెకీ తాత గొడుగు పట్టుకుని వచ్చాడు. ఆయన వెనక జెఫెరీనో ఫాదర్, మెడలో పూజావస్త్రంతో. ఫాదర్ జపమాల పట్టుకుని చూరు కింద నిలబడ్డాడు. తాత ఒలాందీనాను గుమ్మంలోకి పిలిచాడు.

"ఈ గుమ్మంలో నిలబడ్డది ఎవరింటి మనిషి?" అని అడిగాడు.

ఒలాందీనా జెఫెరీనో వైపు చూసింది. ఇదంతా తప్పని ఆయన ఒక్క మాటంటే చాలు, లోపలికి పోయి కూతురి తల ఒళ్ళో పెట్టుకునేది. ఆయన కళ్ళు దించుకున్నాడు. లోపల దియోలిందా మూలిగింది.

"ఎవరింటి మనిషి?" మళ్ళీ అడిగాడు తాత.

"ఎర్లెన్‌మార్క్ ఇంటి మనిషిని," అంది ఒలాందీనా. "ఆ సిలువ కింద ఉన్నవాళ్ళు నావాళ్ళు. వాళ్ళ మీద పడ్డది నా మీద పడనీ. ఈ ఇంటికీ నాకూ ఏమీ లేదు."

తాత ఆమె చెయ్యి పట్టుకుని గుమ్మం దించి, చుట్టాలను కూర్చోబెట్టే చాప మీద కూర్చోబెట్టాడు. వాన జల్లు ఒంటి మీద పడుతున్నా ఆమె కదల్లేదు. నర్సు చేతులదా, ప్రార్థనదా, ఆ మాటదా అని ఆ తర్వాత ఊళ్ళో ఎవరికి తోచినట్టు వాళ్ళు చెప్పుకున్నారు గాని, చీకటి పడకముందే లోపల పసిబిడ్డ కేర్‌మంది. జెఫెరీనో ఫాదర్ మోకాళ్ళ మీద పడి ఏడ్చేశాడు. ఒలాందీనా కొంగు నోట్లో కుక్కుకుంది.

"అమ్మేది?" దియోలిందా గొంతు నీరసంగా వినిపించింది. "ఆడపిల్లని అమ్మకి చెప్పారా?"

"మీ అమ్మ ఇప్పుడు రావడానికి లేదు తల్లీ," అంది బల్బీనా. "బయట దూరదేశపు చుట్టం కూర్చుంది. బిడ్డ కోసం పొద్దుట్నుంచి కాచుకుంది. ఒక్కసారి గుమ్మం దాకా తెచ్చి చూపించనా?"

"వద్దవ్వా," అంది దియోలిందా గబగబా. "నెత్తురుగుడ్డు మీద పరాయివాళ్ళ కళ్ళు పడకూడదు. ముందు తలుపెయ్యండి."

బల్బీనా వచ్చి, ఒలాందీనా వైపు చూడకుండా తలుపు వేసింది.