నార్కట్‌పల్లి సంతకం

“వెనక కూసున్నదానివి, నీకేం అలసటనే?” అంది మా అత్త జయమ్మ, నల్లా దగ్గర ప్యాంటు ఉతుకుతూ నేను ఒక్క నిమిషం నడుము పట్టుకుని నిలబడ్డందుకు. ఆమె తప్పేమీ లేదు. నిన్న సాయంత్రం మొజంజాహీ మార్కెట్ గడియారం కింద ఆమె కొడుకు బండి ఆపాడు. మెడలో బంతిపూల దండ పడింది. కోడలు వెనక నుంచి దిగి ఖాళీ గిన్నెలు సంచిలో సర్దుకుంది. అక్కడున్న వాళ్లంతా చూసిందీ అంతే. నేను ఉతుకుతున్న ప్యాంటు ఆయనదే, కానీ కుడి మోకాలి మీది నూనె మరక మాత్రం నాది. ఎంత రుద్దినా పోలేదు. పోగొట్టడానికి నాకూ మనసొప్పలేదు.

మా ఆయన విద్యాసాగర్ ఆబిడ్స్‌లో రేడియోల దుకాణంలో పనిచేస్తాడు. ఆయనకూ, స్నేహితులకూ మోటారు సైకిళ్లంటే పిచ్చి. ఈ ఏడు డిసెంబరులో ఎనిమిది బండ్ల మీద తెల్లవారి ఐదింటికి బయలుదేరి, బెజవాడ దాకా పోయి, రాత్రి ఎనిమిది లోపల తిరిగి రావాలని పందెం కట్టుకున్నారు. మూడు వందల నలభై మైళ్లు. బండికి ఇద్దరు ఉండాలి, ఎవరు నడిపినా సరే. దారిలో మూడు చోట్ల కార్డు చూపాలి, ఆ సమయంలో నడుపుతున్న మనిషే దాని మీద సంతకం పెట్టాలి. ఆయన వెనక కూర్చోవలసిన సదాశివకు సరిగ్గా వారం ముందు పచ్చకామెర్లు వచ్చాయి. ఆయన ఇద్దరు ముగ్గురిని అడిగి చూసి, చివరికి నా వైపు తిరిగాడు. “నువ్వే రా. సద్ది కూడ నువ్వే పట్టుకుంటవ్. బరువు గూడ ఉండవ్, బండికి మంచిదే” అన్నాడు. నేను మూడు గంటలకే లేచి రొట్టెలు కాల్చాను, పులిహోర కలిపాను, అత్తకు మధ్యాహ్నానికి వండి మూతలు పెట్టాను, మా బిడ్డ జానకికి జడ వేసి మళ్లీ పడుకోబెట్టాను. అప్పుడు బండెక్కాను.

ఆ బండి మా నాయినది. నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఆయనకు రిపేరు షెడ్డు ఉండేది. నాకు పద్నాలుగేళ్లప్పుడు, నుమాయిష్ ఎగ్జిబిషన్ లేని నెలల్లో ఖాళీగా పడి ఉండే దాని మైదానంలో నాయినే నాకు ఈ బుల్లెట్ నడపడం నేర్పాడు. “చేతితోని కాదు బిడ్డా, చెవితోని నడుపు. అది ఏమంటున్నదో ఇను” అనేవాడు. మా మేనత్త చూసిన రోజుతో ఆ నేర్పుడు ఆగిపోయింది. నాయిన పోయాక బండి అల్లుడికి వచ్చింది. ఇంకెవరు నడుపుతారు అన్నారు అందరూ, నేను అక్కడే కాఫీ గ్లాసులు కడుగుతూ ఉండగా. అప్పటి నుంచి ప్రతి ఆదివారం దాన్ని తుడిచేదీ, ప్లగ్గు గీకి పెట్టేదీ నేను. ఆదివారం దాన్నెక్కి తిరిగేది మా ఆయన.

పోవడం బాగానే పోయాం. తిరుగుదారిలో కోదాడ దాటగానే ఆయన వీపు వేడెక్కుతున్నట్టు నా చెంపకు తెలిసింది. ముందు రోజు నుంచే ఒళ్లు వెచ్చగా ఉందట, చెప్పలేదు. సూర్యాపేట దగ్గర బండి రెండుసార్లు రోడ్డు దిగి మట్టిలోకి పోయింది. హోటల్ ముందు ఆపి ముఖం కడుక్కుని, బెంచీ మీద కూర్చుని, “ఇగ అయిపోయింది. ఓడిపోయినట్టే” అని ముఖం కప్పుకున్నాడు. ఆయన అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. జాలి వేసింది.

“నేను నడుపుత” అన్నాను.

ఆయన చేతులు తీసి నన్ను చూశాడు. “నీకొస్తదా?”

పెళ్లయి పదకొండేళ్లు. మెకానిక్ బిడ్డను చేసుకున్న మనిషికి ఆ మాట అడగాలని ఇన్నేళ్లలో తోచలేదు. హోటల్ వెనక గదిలోకి పోయి సంచిలో ఉన్న ఆయన రెండో ప్యాంటు తొడుక్కుని తాడుతో బిగించాను. పైన ఆయన కోటు, తలకు మఫ్లరు, కళ్లకు నల్లద్దాలు. ఆయనకు నా శాలువా కప్పి వెనక కూర్చోబెట్టాను. జ్వరం మత్తులో పడిపోతాడేమోనని విప్పిన నా చీరతోనే ఇద్దరి నడుములూ కలిపి కట్టాను. పెళ్లినాటి కొంగుముడి గుర్తొచ్చి నాకే నవ్వు వచ్చింది.

బండి మీది ఆంపియర్ మీటరు ముల్లును నాయిన చూపినట్టే మధ్యకు తెచ్చి కిక్ కొట్టాను. మొదటి దెబ్బకే అందుకుంది.

ఆ తర్వాత డెబ్బై మైళ్లు. అది ఎలా ఉందో చెప్పమంటే నాకు చేతకాదు. ఎదురుగా ఎండ, రెండు పక్కలా కోసిన వరి మళ్లు, చెవుల్లో నాయిన బండి చప్పుడు. ఆ గొంతు ఏమంటున్నదో నాకు అంతా తెలుస్తూనే ఉంది. ఎక్కడ గేరు అడుగుతుందో, ఎక్కడ జర ఆగమంటుందో, అన్నీ. ఎవరికి అన్నం పెట్టాలి, ఎవరికి కోపం వస్తుంది, అత్త మందు వేసుకుందా లేదా, ఇవేవీ నా వెంట రాలేదు. నకిరేకల్ దాటాక గట్టిగా ఏడ్చాను. ఎందుకో తెలియదు. ఏడుస్తూనే నలభై మైళ్ల వేగం తగ్గనివ్వలేదు.

నార్కట్‌పల్లిలో కార్డు చూసేందుకు రోడ్డు పక్క బల్ల వేసుకుని ఒకాయన కూర్చున్నాడు. గడియారం చూసి టైము రాసుకుని, వెనక శాలువా కప్పుకుని తల వాల్చిన మనిషిని చూసి, “పాపం, ఇంటామెను శాన తిప్పలు పెట్టినవ్ భాయ్. జర నీళ్లు తాపు” అన్నాడు. కార్డు, పెన్ను నా చేతికిచ్చాడు. నేను సంతకం పెట్టి ఇచ్చాను. ఆయన చూసి తల ఊపాడు. బండి కదిలించాను.

చిట్యాల దాటాక గానీ నాకు తెలియలేదు నేనేం చేశానో. విద్యాసాగర్ అని పెట్టాను. అచ్చం ఆయన పెట్టినట్టే, చివర వంపు, కింద గీత, గీత కింద రెండు చుక్కలు.

ఎవరూ పెట్టమనలేదు. నా పేరు పెడితే తప్పేమీ లేదు, నియమమే అది. కానీ ఐదేళ్లుగా జానకి ప్రోగ్రెస్ కార్డు మీద, రేషన్ కాగితం మీద, ఆయనకు తీరిక లేని ప్రతిచోటా ఆయన సంతకం నేనే పెడుతున్నాను. “నాది నీకొస్తది గద, పెట్టెయ్” అంటాడు. నా చేతికి అదొక్కటే అలవాటైంది. నా బతుకులో నాదంటూ ఉన్నది ఆ ఒక్క మధ్యాహ్నం. దాన్ని కూడా నేనే ఆయన పేర రాసిచ్చి వచ్చాను. దొంగతనం జరిగితే అరవవచ్చు. దీనికి ఎవరి మీద అరవాలి? వెనక్కి తిప్పుకుని పోదామా అనుకున్నాను. నడుముకు ఆయన బరువు వేలాడుతోంది, పొద్దు వాలుతోంది. ముందుకే పోయాను.

హయత్‌నగర్‌లో చాయ్ తాగాక ఆయనకు తేలికపడింది. “ఇగ నేను పట్టుకుంట. ముందర మనోళ్లుంటరు” అన్నాడు, నా ప్యాంటు వైపు చూస్తూ. నేను చాయ్‌వాడి గుడిసె చాటున చీర కట్టుకున్నాను.

“నార్కట్‌పల్లిల మీ సంతకమే పెట్టిన” అన్నాను.

“మంచి పని చేసినవ్” అన్నాడు.

పదకొండేళ్లలో ఆయన నన్ను మెచ్చుకున్నది అదే మొదటిసారి.

ఈ సాయంత్రం ఆయన స్నేహితులొచ్చారు. పందెం గెలిచినందుకు ఇచ్చిన షీల్డు, మూడు సంతకాల కార్డు బల్ల మీద ఉన్నాయి. నేను వంటింట్లో మిర్చీలు వేస్తున్నాను. సూర్యాపేట తర్వాత రోడ్డెలా ఉందో, ఎండ కళ్లలోకి ఎలా కొట్టిందో ఆయన చెబుతున్నాడు. అవన్నీ హయత్‌నగర్‌లో చాయ్ చల్లారేలోపు నేను ఆయనకు చెప్పినవి. వాళ్లలో లక్ష్మణరావు గారిది గుంటూరు, ఆయన గొంతు పెద్దది. “ఈ నార్కట్‌పల్లి సంతకం చూడండయ్యా. మిగతా రెండూ కోడిగీతలు. అంత అలసటలోనూ ఇది ముత్యాల్లా పెట్టాడు” అన్నాడు. అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. కాసేపు ఆగాను, ఏమైనా అంటాడేమోనని. నూనె మాడే వాసన వచ్చింది.

అప్పుడే జానకి ప్రోగ్రెస్ కార్డు పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. “అమ్మా, నాయిన సంతకం పెట్టు. రేపు ఇయ్యాలె.”

చేతులు తుడుచుకుని పెన్ను అందుకున్నాను. చెయ్యి దానంతట అదే ఆయన పేరు మొదలుపెట్టబోయింది. ఆపాను. అహల్య అని రాశాను. ‘అ’ వంకరపోయింది, ‘ల్య’ కింద చోటు చాలలేదు. బళ్లో మొదటి తరగతి పిల్ల రాసినట్టుంది. నా పేరు రాయడం నాకే కుదరలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

జానకి కార్డును దీపం దగ్గరకు పట్టుకుని చూసింది. దానికి ఆ సంతకం కొత్త.

“గీ సంతకం ఎవరిదమ్మా?”

“నాది” అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను. ముందు గదిలో నవ్వులు ఆగిపోయాయి.