గదిలో మిగిలిన ఒకే ఓటు

మా కాలేజీలో ఓటర్ల సంఘం అని ఒకటుంది. పిల్లలు పెట్టుకున్నది. నేనూ అందులో సభ్యుణ్ణే. పదో తరగతిలో బడి మానేసి ముప్పై ఏళ్ళు ఇళ్ళకు పైకప్పులు వేశాను. మోకాలు మొరాయించాక వెల్డింగ్ నేర్చుకుందామని ఈ రెండేళ్ళ కాలేజీలో చేరాను. మంగళవారం క్లాసు అయ్యేసరికి ఆకలేస్తుంది. సంఘం వాళ్ళు పీజా తెప్పిస్తారు, గది వెచ్చగా ఉంటుంది. నేను చేరింది అందుకే. ఇంతకుమించి ఆశయాలేవీ నాకు అంటగట్టొద్దు.

ఊళ్ళో జరిగే ప్రతి ఎన్నికకూ సంఘం ఒక అభ్యర్థిని ఎంచుకుని, ఆ పేరు అట్టల మీద అచ్చు వేయించి హాస్టల్ తలుపులకు తగిలిస్తుంది. ‘ఎవరూ వద్దు’ అని కూడా ఓటు వెయ్యొచ్చు. గత రెండు ఎన్నికల్లోనూ అదే గెలిచింది. గెలిపించింది నేనే. జిల్లా పోలీసులకు పెద్ద అయిన షెరీఫు పదవికి నిలబడ్డ వాళ్ళంతా ఒకే తాను ముక్కలని గంటసేపు వాదించాను. పిల్లలు అలిసిపోయి సరే అన్నారు. మేయర్ ఎన్నికప్పుడూ అంతే.

ఈసారి జిల్లా ప్రాసిక్యూటర్ ఎన్నిక, అంటే నేరాల కేసులు సర్కారు తరఫున నడిపే పెద్ద లాయరు పదవికి. సంఘం అధ్యక్షురాలు బ్రిన్ కొవాల్‌కు కంటిమీద కునుకు లేదు. ఎవరినీ ఎంచుకోని సంఘానికి గదెందుకు, పీజా ఖర్చెందుకు అని విద్యార్థి మండలి నిలదీసింది. ఈసారి కూడా ‘ఎవరూ వద్దు’ అంటే సంఘాన్ని రద్దు చేసి, గదిని గారడీ సంఘానికి ఇచ్చేస్తారట. బంతులెగరేసే ఆ పిల్లలు ముందే వచ్చి మా గది ఎత్తు కొలుచుకుని పోయారు కూడా. బ్రిన్ మా సంఘాన్ని ఇద్దరు మనుషులతో, ఒక కెటిల్‌తో మొదలుపెట్టింది. అది పోతే ఆ పిల్ల ముఖం చూడలేం.

ఇంకో సంగతి. ప్రాసిక్యూటర్ ఆఫీసులో కేసు నడుస్తున్న సభ్యులెవరూ ప్రాసిక్యూటర్ ఎంపికలో ఓటు వెయ్యకూడదని మాకొక నిబంధన ఉంది. రేపెవరూ మనల్ని వేలెత్తి చూపకూడదని బ్రిన్నే పట్టుబట్టి పెట్టించింది. అందరూ చప్పట్లు కొట్టి ఒప్పుకున్నారు. ఈ పిల్లలకు నిబంధనలంటే, మా తరానికి బీరంటే ఉన్నంత ఇష్టం.

బీరంటే వీళ్ళకూ ఇష్టమేనని తర్వాత తెలిసింది. శనివారం ఫుట్‌బాల్ మ్యాచ్ గెలిచాం. ఎమ్మెట్ అనే కుర్రాడి ఇంట్లో సంఘం అంతా పండగ చేసుకుంది. అర్ధగంటలో పోలీసులొచ్చారు. వయసు చాలనివాళ్ళకు చేతిలో గ్లాసున్నందుకు, వయసు చాలినవాళ్ళకు ఆ గ్లాసు ఇచ్చినందుకు, మిగిలినవాళ్ళకు గోల చేసినందుకు తలా ఒక కేసు రాసిచ్చి వెళ్ళారు. నాకు మాత్రం రాయలేదు. నన్ను పిలవనే లేదు కదా. పెద్దాయనకెందుకులే అనుకున్నారట.

మంగళవారం సమావేశం మొదలైంది. బ్రిన్ అలవాటు ప్రకారం నిబంధన చదివి, కేసున్నవాళ్ళు లేచి నిలబడాలని అడిగింది. చదువుతూ చదువుతూ మధ్యలో ఆగింది. అంతవరకూ అది ఎవరి బుర్రకూ తట్టలేదు. ముందు ఎమ్మెట్ లేచాడు, తర్వాత వాడి పక్కపిల్ల. వరసలు వరసలుగా గదంతా లేచింది. నిమ్మరసం మాత్రమే తాగిన బ్రిన్ కూడా, గోల కేసు కింద, బల్ల వెనక నిలబడింది. కూర్చుని ఉన్నది నేనూ, నా పీజా.

నిబంధనను ఈ ఒక్కరోజుకు పక్కన పెడదామని ఎవరో అన్నారు. దానికి ఓటుహక్కు ఉన్నవాళ్ళు ఒప్పుకోవాలి. అందరూ నావైపు తిరిగారు. నేను తల అడ్డంగా ఊపాను. నిబంధన నిబంధనే.

అభ్యర్థులు అప్పటికే వచ్చి కింది అంతస్తులో కూర్చున్నారు. ఓటు లేనివాళ్ళు ఓటున్నవాణ్ణి ప్రభావితం చెయ్యకూడదని పిల్లలంతా వరండాలోకి పోయి, తలుపు అద్దానికి ముక్కులు ఆనించి నిలబడ్డారు. గదిలో అధ్యక్షురాలిగా బ్రిన్, సమయం చూపే రంగు కార్డులు పట్టుకుని ఎమ్మెట్ ఉండిపోయారు. ఇద్దరికీ నోరు మెదపడానికి వీల్లేదు.

మొదట డారెల్ హాప్ట్ వచ్చాడు. ఏళ్ళ తరబడి ఆ ప్రాసిక్యూటర్ ఆఫీసులోనే డిప్యూటీ. ఖాళీ కుర్చీలను చూసి ఒక్క క్షణం తడబడ్డాడు కానీ, “మిత్రులారా” అని మొదలుపెట్టి, కుడివైపు కుర్చీలకు కాసేపు, ఎడమవైపు కుర్చీలకు కాసేపు చూస్తూ బాగానే మాట్లాడాడు. ప్రశ్నల వంతు రాగానే నా సంగతి చెప్పాను. రెండు చలికాలాల క్రితం నా బండిలోంచి పనిముట్లన్నీ పోయాయి. దొంగ దొరికాడు. సాక్ష్యం చెప్పాలంటే పని మానుకుని, ఉతికిన చొక్కా వేసుకుని పొద్దున్నే కోర్టుకెళ్ళి వరండా బెంచీ మీద కూర్చున్నాను. మధ్యాహ్నం ఎవరో గుమాస్తా వచ్చి, ఆ కేసులో ప్రాసిక్యూటర్ ఆఫీసుకూ దొంగకూ పోయిన వారమే రాజీ అయిపోయింది కదా అన్నాడు. నాకెవరూ చెప్పలేదు. ఎందుకని అడిగాను.

బాధితుల కోసం తమ ఆఫీసులో ప్రత్యేక విభాగం ఉందని, దాన్ని ఇంకా బలోపేతం చేస్తామని హాప్ట్ అన్నాడు. ఎమ్మెట్ ఎర్ర కార్డు ఎత్తాడు.

రెండో అభ్యర్థి నోరా టెస్క్. పేదవాళ్ళ తరఫున వాదించే ప్రభుత్వ లాయరు. లోపలికొచ్చి గది చూసి నవ్వింది. కుర్చీ ఒకటి ఈడ్చుకొచ్చి నా ఎదురుగా వేసుకుంది. “పీజా ఇంకెవరైనా తింటారా?” అని అడిగి, ఎవరూ లేరు గనక తీసుకుంది. నేను అదే ప్రశ్న అడిగాను. సగం వినేసరికే ఆవిడ నమలడం ఆపింది.

“మీ పనిముట్లు తీసిన కుర్రాడి లాయర్ని నేనే,” అంది.

నాకు తిక్క రేగింది. ఆవిడ ఆగలేదు.

“ఆ రోజు బెంచీ మీద మిమ్మల్ని చూశాను. పనిముట్ల మనిషి మీరేనని పోల్చుకున్నాను కూడా. చెప్పాల్సింది అవతలి ఆఫీసువాళ్ళు కదా అనుకుని నా దారిన పోయాను.”

“ఉన్నది నా ఒక్క ఓటే. అదిప్పుడు నాకెందుకు చెబుతున్నారు?”

“అడిగారు కదా.”

“గెలిస్తే ఏం చేస్తారు?”

“రాజీకి ముందు మీలాంటి వాళ్ళకు ఫోను చేయిస్తాను. మావాళ్ళు చెయ్యకపోతే నేనే చేస్తాను. మీరు వద్దన్నా రాజీ ఆగకపోవచ్చు, వాణ్ణి జైల్లో పెట్టిస్తానని కూడా చెప్పలేను. బెంచీ మీద మాత్రం ఊరికే కూర్చోబెట్టను.”

ఎమ్మెట్ కార్డు ఎత్తడం మరిచిపోయాడు. ఆవిడే గడియారం చూసుకుని లేచి, చేతులు తుడుచుకుని వెళ్ళిపోయింది.

“ఇప్పుడు పది నిమిషాలు చర్చ,” అంది బ్రిన్. అధ్యక్షురాలిగా ఆ మాట అనొచ్చట.

“ఎవరితో?”

“అది మీ ఇష్టం, వెర్న్ గారూ.”

‘ఎవరూ వద్దు’ అనే మాట నా నాలుక చివరే ఉంది. ఇన్నాళ్ళూ ఆ మాట అనడం తేలిక. అవతల వాదించేవాళ్ళుండేవాళ్ళు, వాళ్ళ మీద గెలవడంలో రుచి ఉండేది. ఖాళీ కుర్చీల మీద ఏం గెలుస్తాం? అద్దానికి అవతల డజను ముక్కులు, వాటి వెనక ఒక గారడీ కుర్రాడు, చేతిలో మూడు బంతులు. బ్రిన్ కాగితాలు సర్దుతున్నట్టు నటిస్తోంది, సర్దిన కాగితాన్నే మళ్ళీ సర్దుతోంది. అడగడానికి ఆ పిల్లకు నోరు లేదు. ఉన్నా అడిగేది కాదు.

ఆ పిల్ల మీద జాలితో వేశానని మాత్రం అనుకోవద్దు. ముప్పై ఏళ్ళుగా ఆఫీసుల చుట్టూ తిరిగాను. తప్పు విభాగానిది అన్నవాళ్ళున్నారు, కంప్యూటర్‌ది అన్నవాళ్ళున్నారు, నాదే అన్నవాళ్ళూ ఉన్నారు. నిన్ను చూసి కూడా పక్కనుంచి పోయాను అని ఒక్కరూ అనలేదు.

“టెస్క్,” అన్నాను.

బ్రిన్ కళ్ళు గట్టిగా మూసి తెరిచింది. “కారణం రాసుకోవాలి,” అంది.

“నన్ను చూశానని ఒప్పుకుంది, అని రాయి.”

“అంతేనా?”

“అంతే. ఒక్క ముక్క ఎక్కువ రాసినా కొట్టేయిస్తాను.”

తలుపు తెరుచుకుంది. ఎమ్మెట్ నా వీపు మీద ఒకటి చరిచి, “పెద్దాయనా, ముంచుతావనే అనుకున్నాం,” అన్నాడు. గారడీ కుర్రాడు బంతులు జేబులో వేసుకుని మెట్లు దిగిపోయాడు. బ్రిన్ అప్పటికప్పుడే కాలేజీ పత్రికకు కబురు పంపింది. భుజం మీదుగా చూశాను. ఓటర్ల సంఘం నోరా టెస్క్‌ను ఏకగ్రీవంగా బలపరిచింది అని ఉంది.

ఇది అన్యాయం అన్నాను. లెక్కలో తప్పుంటే చూపించమంది. కేసున్నవాళ్ళకు ప్రాసిక్యూటర్ ఎంపికలోనే ఓటు లేదు, మిగతా వాటిలో అందరికీ ఉంది కాబట్టి, ‘ఏకగ్రీవంగా’ అన్న మాట తీసేయాలని పద్ధతి ప్రకారం ప్రతిపాదన పెట్టాను. బలపరిచేవాళ్ళెవరని బ్రిన్ గదంతా కలియజూసింది. అందరూ పైకప్పు వైపు చూస్తూ నిలబడ్డారు. నా ప్రతిపాదన వీగిపోయింది. అట్టలు కూడా అదే మాటతో అచ్చయ్యాయి.