బుచ్చయ్య మిద్దె మీద దిగిన నీడ

గౌలిపురలో బుచ్చయ్యకు తెల్లవారుజామున నాలుగింటికే తెల్లారుతుంది. నాలుగు బర్రెల పాలు పిండి, క్యాన్లు స్కూటర్‌కు తగిలించుకొని, హుస్సేనీ ఆలం దాకా ఇంటింటికీ పోసి, తొమ్మిదింటికల్లా ఇల్లు చేరతాడు. ఇంత తిని మిద్దె ఎక్కుతాడు. అక్కణ్నుంచి మధ్యాహ్నం దాకా ఆయనను ఎవరు పిలిచినా పలకడు. మనిషి మిద్దె మీదే ఉంటాడు గానీ మనసు ఆకాశంలో ఉంటుంది.

ముప్పై ఏళ్లు ఆ మిద్దె మీద పావురాలు ఎగరేశాడు. ఆ తర్వాత దమ్ము పట్టుకుంది. రెక్కల దుమ్ము పడదని డాక్టరు గట్టిగా చెప్పాక వాటన్నిటినీ తెలిసినవాళ్లకు ఇచ్చేసి, రెండేళ్లు ముఖం వేలాడేసుకొని తిరిగాడు. అది చూడలేక కూతురు పూజిత ఒక డ్రోన్ కొనిచ్చింది. యాభై ఐదేళ్ల మనిషికి ఆటబొమ్మ ఏమిటని గల్లీ అంతా నవ్వింది. నవ్వితే నవ్వనీ. నెల తిరిగేసరికి ఆ గల్లీలో ఆయనంత సాఫీగా డ్రోన్ తిప్పేవాడు ఇంకొకడు లేడు. పర్మిషన్ మాత్రం లేదు. పావురాలకు ఎవరు తీసుకున్నారు గనుక!

పావురాల వాళ్లకు ఒక అలవాటు ఉంది. వేరేవాళ్ల పావురం దారి తప్పి తమ మిద్దె మీదికి వచ్చిందంటే చాలు, తమ గుంపును పైకి వదులుతారు. గుంపు దాన్ని చుట్టుముట్టి, కలుపుకొని కిందికి దింపుకొస్తుంది. అట్లా దింపినవాడు ఆ పూటకు మొనగాడు. అయితే ఆ చుట్టుపక్కల దీనికొక కట్టుబాటు కూడా ఉంది. మూడో రోజు పొద్దుగూకేలోపు సొంతదారు వచ్చి అడిగితే, చాయ్ పోసి, పావురాన్ని చేతిలో పెట్టి పంపాలి. మూడు పొద్దులు దాటితే అది దింపినవాడి సొంతం. పావురం కూడా అప్పటికి పాత ఇల్లు మరిచిపోతుంది.

ఏప్రిల్‌లో ఒక బుధవారం, పదకొండు గంటలప్పుడు, ఒక చిన్న విమానం గౌలిపుర మీదికి వచ్చింది. నేర్చుకునేవాళ్లు నడిపే రకం. దారి తప్పినట్టుంది, నీళ్ల ట్యాంకులకు రాసుకుంటుందేమో అన్నంత కిందికి ఉంది. అప్పుడు బుచ్చయ్య చేయాల్సిన పని ఒక్కటే, డ్రోన్‌ను దించేయడం. ఆ సంగతి ఆయనకూ తెలుసు. కానీ కొత్త రెక్క కంటపడగానే ఆయన బొటనవేళ్లు ముప్పై ఏళ్ల అలవాటును చేసేశాయి. డ్రోన్ నిటారుగా లేచి విమానానికి ఎదురుపోయింది.

రిమోట్ మీది తెరలో, అద్దం వెనక ఒక ఆడపిల్ల ముఖం ఒక్క క్షణం కనిపించింది. విమానం ఒక పక్కకు ఒరిగి, ఇంజను గోల పెట్టి, ఎట్లాగో తప్పించుకొని ఉత్తరం దిక్కుకు పోయింది. డ్రోన్ కిందికి వచ్చింది. దాని వెంబడే విమానం నీడ కూడా వచ్చి మిద్దె మీద దిగింది.

రెండు రెక్కలూ పిట్టగోడ దాటి ఉన్నాయి. కొత్త చోటు కదా, కాసేపు అదిరింది. బుచ్చయ్య గిన్నెలో నీళ్లు పెట్టి దూరంగా జరిగాక సర్దుకొని పడుకుంది. పక్క మిద్దె మీద బట్టలు ఆరేస్తున్న ఆగమ్మ అటు తిరిగి చూసింది.

"ఎవలదో పాపం. మస్తు పెద్దదే దింపినవ్ బుచ్చన్నా."

"దానంతటదే దిగింది."

"అడగనీకి వస్తరు తియ్. అందాక కొట్టం ముంగట పరువు. ఎండకు బర్రెలు సస్తున్నయ్."

ఆ మాటా నిజమే అనిపించింది. నీడను మెల్లగా కిందికి తెచ్చి కొట్టం ముందు పరిస్తే బర్రెలు వచ్చి అందులో పడుకున్నాయి. ఆ సాయంత్రం రెండు లీటర్లు ఎక్కువే ఇచ్చాయి. నిజం చెప్పాలంటే ఆ రోజు బుచ్చయ్యకు గర్వంగానే ఉంది. ఎన్నాళ్లకో ఒకటి దింపాడు.

మర్నాడు పేపర్లో నాలుగు లైన్ల వార్త వచ్చింది. శిక్షణ విమానం దిగుతూ నేలకు గట్టిగా తగిలి ముందు చక్రం విరిగింది, నడుపుతున్న అమ్మాయికి మణికట్టు విరిగింది. పూజిత చదివి వినిపించి పేపరు మడిచింది.

"నీడ లేకుంటె నేల ఏడున్నదో పైనున్నోళ్లకు ఎట్ల తెలుస్తది బాపు? ఇయ్యాలనే పోయి ఇచ్చిరా."

"ఇస్తే డ్రోన్ ముచ్చట బయటపడ్తది. నీ కానిస్టేబుల్ వెరిఫికేషన్ నడుస్తున్నది. బాపు మీద కేసుంటె నిన్ను తీసుకుంటరా?"

పూజిత ఆ ఉద్యోగం కోసం రెండేళ్లుగా రోజూ చీకటితోనే లేచి గ్రౌండ్‌లో పరుగెత్తిన పిల్ల. గిన్నెలు తీసుకొని లోపలికి వెళ్లింది.

ఆ మధ్యాహ్నమే అడగడానికి మనిషి వచ్చాడు. పేరు రామ్‌చందర్, మోటార్లకు తీగ చుట్టే పని, ఇల్లు బోయిన్‌పల్లిలో. విమానం వచ్చిన దారి వెంబడి నిన్నటి నుంచి గల్లీ గల్లీ తిరుగుతున్నాడు. చెప్పుల మీద దుమ్ము అట్ట కట్టి ఉంది. ఆయన సందు మొగలో ఎవరినో అడుగుతుండగానే విని, బుచ్చయ్య నీడను టార్పాలిన్ చుట్టినట్టు చుట్టి గడ్డి మోపుల వెనక్కి నెట్టేశాడు.

"అన్నా, మీ దిక్కు విమానం నీడ ఏమన్న దిగిందా? మా బిడ్డ స్రవ్యది."

"కూసో భాయ్. చాయ్ తాగు."

చాయ్ ఇచ్చాడు. కట్టుబాటులో సగం అక్కడికి అయింది. మిగతా సగం దగ్గరికి వచ్చేసరికి, "నా మిద్దె మీద ఏం దిగలే" అన్నాడు.

రామ్‌చందర్ తలూపాడు. "డ్రోన్ ఎదురొచ్చిందంటది బిడ్డ. ఆఫీసోళ్లు నమ్ముతలేరు. రేపు పదకొండు గంటలకు ఎంక్వైరీ. ఎవలన్న ఒక్కలు 'అవు, ఉండె' అంటె సాలు. లేకుంటె ఉత్తగనే భయపడి తిప్పిందని రాసి తీసేస్తరట. చిన్నప్పటిసంది గదొక్కటే పిచ్చి దానికి."

"అయ్యో" అన్నాడు బుచ్చయ్య.

గడ్డి వెనక ఏదో కదిలింది. దూడ అనుకున్నాడు రామ్‌చందర్. కప్పు కింద పెట్టి, చీటీ మీద ఇంటి అడ్రసు రాసిచ్చి, పోతూ పోతూ బర్రె నుదురు నిమిరాడు. "చాయ్ మస్తున్నదన్నా. కడుపు సల్లగైంది. పొద్దుగాలసంది ఏం తినలే." పిట్టగోడ మీంచి ఆగమ్మ అంతా చూసింది. మర్నాటి నుంచి ఆమె పాలు వేరే దగ్గర తెచ్చుకోవడం మొదలుపెట్టింది.

ఆ రాత్రంతా బుచ్చయ్య అటూ ఇటూ దొర్లాడు. శుక్రవారం పొద్దున పోయి ఇచ్చేద్దామని లేచాడు. పాలు పోసి వచ్చాక అనుకున్నాడు. వచ్చాక, ఇంత కునుకు తీసి అనుకున్నాడు. గోడ గడియారంలో పదకొండు కొట్టడం ఆయనకు స్పష్టంగా వినిపించింది. కళ్లు మూసుకొనే ఉన్నాడు. సాయంత్రం పాలు పిండుతుండగా చెయ్యి సాగలేదు. గిన్నె అట్లాగే వదిలేసి, నీడను స్కూటర్ వెనక తాడుతో కట్టుకొని బయలుదేరాడు. నయాపూల్ మీద బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయి ఉన్నాయి. అక్కడే, మూసీ అవతల పొద్దుగూకింది. వెనక అంతసేపూ తాడులో గుంజుకుంటున్న నీడ, ఒక్కసారిగా ఊరుకుంది.

ఆ ఊరుకోవడం ఏమిటో పావురాలు పెంచినవాడికి చెప్పనక్కర్లేదు. అయినా స్కూటర్ వెనక్కి తిప్పలేదు.

బోయిన్‌పల్లిలో ఇంటి ముందు బల్బు వెలుగుతోంది. రామ్‌చందర్ అరుగు మీద కూర్చొని ఉన్నాడు. పక్కన ఆ అమ్మాయి, చేతికి పట్టీ.

"తప్పయింది బిడ్డా. డ్రోన్ నాదే" అన్నాడు బుచ్చయ్య, నిలబడే.

రామ్‌చందర్ ఆయన ముఖంలోకి చూశాడు. "నీ ఇంట్ల చాయ్ తాగిపోతి గదన్నా" అన్నాడు. తిట్టి ఉంటే బుచ్చయ్యకు కాస్త నయంగా ఉండేది.

స్రవ్య లేచి వచ్చి, బాగున్న చేత్తో నీడ కొస విప్పి చూసింది. "గింతనేనా? పైకెళ్లి మస్తు పెద్దగ కనవడుతుండె." ఆమె చెయ్యి తగలగానే నీడ ముడుచుకొని, పాకుతూ వెళ్లి బుచ్చయ్య కాళ్ల దగ్గర చేరింది.

"రేపు పొద్దుగాల నేనొచ్చి చెప్త బిడ్డా. ఏడ చెప్పమంటె ఆడ చెప్త. అంత నేనే చేసిన్నని చెప్త."

"ఏం చెప్తరంకుల్?" ఆమె గొంతులో కోపం లేదు. "మొదటిసారి అడిగితె డ్రోన్ చూసిన్నన్న. రెండోసారి అడిగితె చూసిన్నన్న. మూడోసారి అడిగేటాళ్లకు నాకే డౌటొచ్చింది. ఏం లేకుండె, నేనే భయపడ్డ అని రాసిచ్చొచ్చిన."

శనివారం బుచ్చయ్య వెళ్లి చెప్పాడు. ఆఫీసర్లు రాసుకున్నారు, డ్రోన్ తీసుకున్నారు, చిన్న కేసొకటి పెట్టారు. అమ్మాయి తప్పేమీ లేదని కాగితం వచ్చింది. తర్వాతి నెల పూజిత వెరిఫికేషన్‌కు వచ్చిన ఇన్‌స్పెక్టర్ ఆ కేసు చదివి, "తనంతట తనే పోయి చెప్పిండా?" అని మాత్రం అడిగి సంతకం పెట్టేశాడు. ఉద్యోగం వచ్చింది. దేనికి భయపడి ఆ అబద్ధం ఆడాడో, అదంతా ఒక సంతకంలో తేలిపోయిందని తెలిసిన రోజు బుచ్చయ్య అన్నం ముట్టలేదు.

చెయ్యి నయమయ్యాక స్రవ్యను మళ్లీ విమానం ఎక్కనిచ్చారు. లేవడం బాగానే లేచింది. దిగేటప్పుడే, చక్రాలకు ఎదురు రావాల్సిన నీడ కింద లేదు. నేల ఎక్కడ మొదలవుతుందో ఆమెకు అందలేదు. నాలుగు రోజులు, నాలుగుసార్లూ పక్కనున్న మాస్టరే దింపాడు. అయిదో రోజు ఆమె బెల్టు తనే విప్పుకొని, చాలు సార్ అంది. ఇప్పుడు ఆ శిక్షణ కేంద్రంలోనే ఒక గదిలో కూర్చొని, గాలి ఎటు వీస్తోందో రాసి ఎగిరేవాళ్లకు ఇస్తుంది. రామ్‌చందర్ ఫోన్ చేసి ఈ సంగతి చెప్పాడు. చెప్పి, బర్రెలు బాగున్నాయా అని కూడా అడిగాడు.

బుచ్చయ్య ఇప్పటికీ రోజూ నీడను భుజాన వేసుకొని మిద్దె ఎక్కుతాడు. దూరంగా చిన్న విమానం చప్పుడు వినిపించగానే రెండు చేతులా దాన్ని పైకి విసురుతాడు.

"పో తల్లీ. మీ ఇంటికి పో. నీకు దండం పెడ్త."

నీడ లేస్తుంది. రెక్కలు పూర్తిగా చాపి గౌలిపుర మిద్దెల మీదుగా ఒక పెద్ద చుట్టు చుడుతుంది. ఈసారన్నా పోతుందేమోనని ఆయన ఊపిరి బిగబట్టి చూస్తాడు. అది ఒక్క మిద్దె కూడా పొరబడకుండా, తిన్నగా వచ్చి ఆయన పాదాల ముందే దిగుతుంది. ముప్పై ఏళ్లలో ఆయన మచ్చిక చేసిన ఏ పావురమూ ఇంత నమ్మకంగా తిరిగి రాలేదు. బుచ్చయ్య దాని పక్కనే కూలబడి, పనికిమాలిన ముండాకొడుకునని తనను తానే తిట్టుకుంటూ ఏడుస్తాడు.